ఫ్యాన్‌ని చూస్తుంది, నన్ను చూడదు!

ప్రశ్న: మేడమ్, నాకు 11 వారాల పాప. నెలలు నిండాకే పుట్టింది, బరువు 2.8 కిలోలు. కామెర్లు వచ్చాయని రెండు రోజులు లైటు కింద పెట్టారు. ఇప్పుడు నరసరావుపేటలో పుట్టింట్లో ఉన్నాను, మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పాప ఎంతసేపూ ఫ్యాన్ వంకే చూస్తుంది. నేను పిలిస్తే నా మొహం చూడదు. చూసినా నుదుటి దగ్గరో, జుట్టు దగ్గరో చూస్తుంది. మొన్న వంటింట్లో పళ్లెం కిందపడితే ఇంట్లో అందరం ఉలిక్కిపడ్డాం గానీ పాప తల కూడా తిప్పలేదు. అప్పటి నుంచి రోజూ చప్పట్లు కొట్టి, గిలక ఊపి చూస్తున్నాను. ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది, ఒక్కోసారి ఏమీ పట్టనట్టు ఉంటుంది. అప్పుడప్పుడు ఒక కన్ను పక్కకు వెళ్తుంది. మాది మేనరికం. చుట్టాలు ఆ మాటే ఎత్తుతున్నారు. అమ్మేమో కాటుక పెడితే చూపు నిలుస్తుంది, చెవిలో నూనె చుక్క వేస్తే సరిపోతుంది అంటోంది. మావారు నలుపు తెలుపు బొమ్మల కార్డులు ఆన్‌లైన్‌లో తెప్పించారు, ఫోన్‌లో రైమ్స్ పెట్టమంటున్నారు. డిశ్చార్జ్ కాగితం మీద ‘ఓఏఈ’ అని రాసి ఉంది. అదేంటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నా బిడ్డకు కనిపిస్తుందా, వినిపిస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, నరసరావుపేట

సమాధానం: ముందు ఆ డిశ్చార్జ్ కాగితం సంగతి. ఓఏఈ అంటే పసిపిల్లల వినికిడి పరీక్ష. ఈ వారంలోనే చేయించండి. మీరు రాసినదాంట్లో పాపకు వినపడటం లేదని అనుమానించాల్సినంత నాకేమీ కనిపించలేదు. కానీ వినికిడి సంగతి పళ్లేలతోనూ చప్పట్లతోనూ తేలదు, పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష జరగాలి. దాని గురించి వివరంగా చివర్లో చెబుతాను. పరీక్ష అయ్యేలోపు ఇంట్లో మీరు పెడుతున్న పరీక్షలన్నీ ఆపేయండి. ఎందుకో చెప్పాలంటే మీ పాపకు ఇప్పుడు లోకం ఎలా కనిపిస్తోందో, ఎలా వినిపిస్తోందో కొంచెం చెప్పాలి.

చూపుతో మొదలుపెడదాం. పుట్టినప్పుడు బిడ్డ కన్ను చూడ్డానికి పూర్తిగా తయారైనట్టే ఉంటుంది గానీ, కన్ను వెనక పొరలో సూటి చూపుకు అవసరమైన భాగం ఇంకా కుదురుకోదు. కళ్లద్దాల డాక్టర్ల లెక్కలో మన మామూలు చూపు 6/6 అయితే, అప్పుడే పుట్టిన బిడ్డది దాదాపు 6/120. అంటే మనం 120 మీటర్ల దూరం నుంచి పోల్చుకోగలిగే గీతను వాళ్లు 6 మీటర్ల దగ్గర గానీ పోల్చుకోలేరు. వాళ్లకు అన్నిటికంటే బాగా కనపడే దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే జానెడు, జానెడున్నర. పాలిచ్చేటప్పుడు మీ మొహానికీ పాప మొహానికీ మధ్య ఉండే దూరం సరిగ్గా అదే. మూడో నెల వచ్చేసరికి చూపు ఇంకాస్త దూరం సాగుతుంది. అయినా గుమ్మం దగ్గర నిలబడి పిలిచే అమ్మ మొహం ఇంకా మసక మసకగానే ఉంటుంది.

మరి అంత ఎత్తున ఉన్న ఫ్యాన్ ఎలా కనిపిస్తోందంటారా? తెల్లటి సీలింగ్, దాని మీద ముదురు రంగు రెక్కలు, పైగా కదులుతూ ఉంటాయి. పసికళ్లను లాగేవి ఈ రెండే: నలుపు తెలుపు కలిసే అంచు, కదలిక. ఫ్యాన్‌కి రెండూ ఉన్నాయి. మన ఇళ్లలో పిల్లలు ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే ఉంటారు, పైన ఇంకో వినోదం ఉండదు. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో ఫ్యాన్ మీద ఫిర్యాదు చేయని వాళ్లు తక్కువ. ఫ్యాన్ కేసి చూస్తోందంటే నేను మొదట అనుకునేది, ‘హమ్మయ్య, అంత దూరాన ఉన్నది పట్టుకోగలుగుతోంది’ అని.

నుదురూ జుట్టూ చూడటం కూడా ఇందులో భాగమే. మొదటి నెలలో పిల్లలు మొహాన్ని చూసినా అంచులే చూస్తారు. తెల్లటి నుదురు, నల్లటి జుట్టు కలిసే గీత, గడ్డం అంచు, ఇలా. మొహం లోపలి కళ్లూ నోరూ వైపు చూపు మళ్లేది దాదాపు రెండో నెల నిండేసరికి. మీ పాపకు ఇప్పుడు ఆ మార్పు వచ్చే వయసే. క్యాలెండర్ చూసుకుని ఫలానా తేదీన మారిపోరు కదా, కొన్ని వారాలు అటూ ఇటూ అవుతుంది.

ఒక పని చేయండి. పాలు తాగి, కాసేపు నిద్రపోయి లేచి, ఏడవకుండా మెలకువగా ఉన్న వేళ చూసుకోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి. అలా కూర్చుంటే పాపకు వెలుతురూ దాని మధ్య ఒక నల్లటి ఆకారమూ తప్ప మీ మొహం కనపడదు. వెలుతురు మీ మొహం మీద పడేలా తిరగండి. మోకాళ్లు మడిచి పాపను మీ తొడల మీద వాల్చి పడుకోబెట్టుకోండి, తల కాస్త ఎత్తుగా ఉండాలి. జానెడున్నర దూరంలో మొహం పెట్టి ఏమీ మాట్లాడకుండా ఉండండి. మాట్లాడితే పాప చూసి స్పందించిందో విని స్పందించిందో మనకు తెలియదు. పది సెకన్లు ఆగండి. చూపు మీ మొహం మీద ఆగినట్టు అనిపిస్తే తలను నిదానంగా, చాలా నిదానంగా ఒక పక్కకు జరపండి. కళ్లు మీ వెనకే వస్తే పాపకు కనిపిస్తోంది. ఆ తర్వాత మీరు నవ్వినప్పుడు బోసినోరు తెరిచి తిరిగి నవ్వితే ఇక ఆ దిగులు వదిలేయండి. నిద్రలో వచ్చే నవ్వు వేరు, అది మీకూ తెలుసు.

మూడు నెలలు నిండాక కూడా మొహం మీద చూపు ఆగకపోయినా, కదిలే మొహం వెంట కళ్లు రాకపోయినా పిల్లల కంటి డాక్టర్‌కు చూపించాలి. అప్పుడు ‘పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అనే మాట వినకండి.

పక్కకు వెళ్లే కన్ను గురించి. రెండు కళ్లూ కలిసి ఒక్కచోట చూడటం పుట్టుకతో రాదు. రెండు కళ్ల బొమ్మలనూ మెదడు ఒకటిగా కలిపి లోతు పసిగట్టడం మూడు, అయిదు నెలల మధ్య మొదలవుతుంది. అప్పటిదాకా ఒక కన్ను అప్పుడప్పుడు దారి తప్పడం మామూలే. అయితే ‘అప్పుడప్పుడు’ అన్న మాట ముఖ్యం. ఎప్పుడు చూసినా ఒకే కన్ను లోపలికో బయటికో తిరిగి ఉంటే ఏ వయసులోనైనా చూపించాలి. అప్పుడప్పుడు వెళ్లే కన్ను నాలుగు నెలలు దాటినా అలాగే వెళ్తుంటే అప్పుడూ చూపించాలి. కనుగుడ్లు ఆగకుండా అటూ ఇటూ ఊగుతున్నా అంతే. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో నల్లగానో ఎర్రగానో ఉండాల్సిన కంటిపాప తెల్లగా మెరిసినట్టు కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా కూడా ఆగొద్దు. శుక్లం కావచ్చు, అరుదుగా కంటిలో గడ్డ కావచ్చు. రెండింటికీ ఆలస్యం మంచిది కాదు.

మీ పాపకు అవసరం లేదు గానీ, ఇది చదివే వాళ్లలో నెలలు నిండకుండా కన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి వెనక పొరను నిపుణులతో పరీక్ష చేయించాలి. పైకి ఏ తేడా కనపడకుండానే ఆ పొర దెబ్బతినవచ్చు. వేళకు పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలుస్తుంది.

మీవారు తెచ్చిన నలుపు తెలుపు కార్డుల వెనక ఒక కథ ఉంది. మాటలు రాని బిడ్డకు ఏం కనపడుతోందో తెలుసుకోవడం ఎలా అని 1960ల దాకా పెద్ద చిక్కుగా ఉండేది. అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి, పైన రెండు బొమ్మలు పెట్టి, మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోంచి వాళ్ల కళ్లలోకి చూశాడు. కంటిపాప మీద ఏ బొమ్మ నీడ పడుతోందో, ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టుకుని లెక్కేశాడు. అయిదు రోజులు కూడా నిండని పిల్లలు సైతం ఉత్త రంగు బిళ్లల కంటే గీతలూ మొహాలూ ఉన్న బొమ్మలనే ఎక్కువసేపు చూశారని 1963లో ప్రకటించాడు. ఈనాడు కంటి ఆసుపత్రుల్లో పసిపిల్లల చూపు కొలిచే చారల కార్డులకు మూలం అదే ఉపాయం. అవి చూపు కొలవడానికి పుట్టిన కార్డులు. వాటిని చూపిస్తే చూపు పెరుగుతుందనీ, తెలివి పెరుగుతుందనీ అనడం అమ్మేవాళ్లు తర్వాత చేర్చిన మాట. కొన్నారు కాబట్టి ఉయ్యాల పక్కన పెట్టుకోండి, నష్టం లేదు. మీ చీర అంచూ, మెడలో నల్లపూసలూ, మీ కనుబొమలూ కూడా ఆ పని చేస్తాయి. పైగా కార్డు తిరిగి నవ్వదు.

ఇక మీ అసలు బెంగ, చెవులు.

చూపు పుట్టాక మొదలైతే, వినికిడి కడుపులోనే మొదలవుతుంది. ఏడో నెలకల్లా బిడ్డ బయటి చప్పుళ్లకు కడుపులో కదులుతుంది. అందరి గొంతులకంటే ఎక్కువగా వినేది తల్లి గొంతే. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు రోజులు కూడా నిండని పిల్లల నోట్లో పాలు లేని పీక పెట్టి దాన్ని టేపు రికార్డర్‌కు కలిపారు. ఒక తీరున చప్పరిస్తే అమ్మ గొంతు, ఇంకో తీరున చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వచ్చే తీరునే పట్టుకున్నారు.

అలాంటిది పళ్లెం పడితే తల ఎందుకు తిప్పలేదు? ఇక్కడ ఒక తమాషా ఉంది. చాలామంది తల్లులకు ఇది ఎవరూ చెప్పరు. అప్పుడే పుట్టిన బిడ్డ పక్కన గిలకను కొన్ని సెకన్లు ఆపకుండా మెల్లగా ఊపితే, నిదానంగానైనా ఆ వైపు తల తిప్పుతుంది. కెనడాలో డార్విన్ మ్యూర్ బృందం 1979 నుంచి ఈ సంగతిని జాగ్రత్తగా పరిశీలించింది. విచిత్రంగా రెండో నెలలో, మూడో నెలలో అదే పిల్లలు తల తిప్పడం బాగా తగ్గించేస్తారు. మళ్లీ నాలుగో నెల దాటాక తిప్పుతారు, ఈసారి చురుగ్గా, కచ్చితంగా. పుట్టినప్పుడు అది తెలియకుండా జరిగే కదలిక. ఆ పనిని మెదడు పైభాగం తన చేతుల్లోకి తీసుకునే మధ్యకాలంలో అది మరుగున పడుతుందని శాస్త్రవేత్తలు చెప్పే వివరణ. మీ పాప వయసు 11 వారాలు. సరిగ్గా తల తిప్పని కాలంలోనే మీరు తల తిప్పుతుందా లేదా అని చూస్తున్నారు!

అలాగని ‘తల తిప్పే వయసు కాదులే’ అని ఊరుకోమని కాదు. పళ్లెం పరీక్ష రెండు వైపులా మోసం చేస్తుంది. బాగా వినపడే బిడ్డ నిద్రమత్తులో ఉండో, రోజూ వింటున్న చప్పుడే కదా అనో కదలకపోవచ్చు. వినికిడి లోపం ఉన్న బిడ్డ నేల అదిరినందుకో, చప్పట్లు కొడితే మొహానికి గాలి తగిలినందుకో ఉలిక్కిపడవచ్చు. కొందరికి పెద్ద చప్పుళ్లు వినపడి మాటలోని సన్నటి ధ్వనులు వినపడవు. కొందరికి ఒక చెవే పనిచేస్తుంది. ఉలిక్కిపడిందని సంబరపడటమూ, పడలేదని ఏడవడమూ రెండూ దండగే.

మేనరికం మాట దాచకుండా చెబుతాను. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి అవకాశం మామూలు పెళ్లిళ్ల కంటే ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా బయటపడకుండా ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసి బయటపడుతుంది. అయినా మేనరికం పిల్లల్లో అత్యధికులు చక్కగా వినేవాళ్లే. పరీక్ష మానకూడదని చెప్పడానికే ఇది రాశాను. ఇంట్లో ఎవరినైనా నిందించడానికి దీన్ని వాడుకుంటే మాత్రం నేను ఊరుకోను, ఆ చుట్టాలకు ఈ పేజీ చూపించండి.

తొందర ఎందుకంటే, మొదటి ఏడాదిలో చెవి ఊరికే వినదు, భాషను వడపోసుకుంటుంది. కెనడాలో జేనెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన 1984 నాటి పరిశోధన మనకు భలే దగ్గరగా ఉంటుంది. హిందీలో ‘త’కూ ‘ట’కూ ఉండే తేడా ఇంగ్లిష్‌లో లేదు. ఇంగ్లిష్ ఇళ్లలో పెరిగే ఆరు, ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను ఇట్టే పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వాళ్లలో ఎక్కువమంది పట్టలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను చెవి వదిలేసింది. మన ఇంట్లో పొద్దున లేస్తే ‘తాత’, ‘టాటా’ రెండూ వినపడతాయి కాబట్టి మన పిల్లలు దాన్ని నిలబెట్టుకుంటారు. ఇంత పని మాటలు రాకముందే జరిగిపోతోంది. వినికిడి లోపం ఉన్న బిడ్డకు ‘మాటలు రాలేదేంటి’ అని రెండేళ్లకు కనిపెడితే ఈ కాలమంతా పోయినట్టే. అందుకే నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, లోపం ఉంటే ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని డాక్టర్లు లెక్క పెట్టుకున్నారు. మీరు మొదటి గడువు దాటారు, రెండోది ఇంకా దాటలేదు.

మీ అమ్మగారి వైద్యాల గురించి. కాటుక కంట్లో పెట్టొద్దు. బయట దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం బయటపడింది. ఇంట్లో పట్టిన కాటుకైనా వేలితో పాటు మురికి కంట్లోకి పోతుంది, చూపు మాత్రం నిలవదు. దిష్టికి అరికాలిలో చుక్క పెట్టుకోండి, దానితో నాకు పేచీ లేదు. చెవిలో నూనె వద్దు. ముక్కులో అసలే వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ కూడా పాప ఉన్న గదిలో వద్దు.

అయితే ఒంటికి నూనె రాసి, కాళ్లు చాపి పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని మీ అమ్మ నీళ్లు పోసే వేళను మాత్రం చెడగొట్టకండి. ఇంద్రియాలన్నిటిలో ముందుగా తయారయ్యేది స్పర్శ. ఆ పది నిమిషాల్లో ఒళ్లంతా తెలిసిన చేతులు తాకుతుంటాయి, అమ్మమ్మ మొహం దగ్గరగా ఉంటుంది, ‘మా తల్లే, మా బంగారమే’ అని సాగదీసిన గొంతు వినిపిస్తూ ఉంటుంది. మెల్లగా, కాస్త హెచ్చు స్థాయిలో, రాగం తీస్తూ మాట్లాడే తీరు పసిపిల్లలకు మామూలు మాటకంటే ఇష్టమని పరిశోధనల్లో తేలింది. ఏ యాప్‌లోనూ ఇన్ని ఒకేసారి దొరకవు. నీళ్ల వేడి మోచేతితో చూసుకోమనండి, ముక్కు ఊదొద్దనండి, అంతే.

ఫోన్‌లో రైమ్స్ వద్దు. ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వీడియో కాల్‌లో నాన్నతో మాట్లాడటం వేరు. పాపకు ఆ చిన్న తెరమీద మొహం పెద్దగా అర్థం కాకపోయినా గొంతు అలవాటవుతుంది. మీవారిని ఒక మాట అని ఆగమనండి. పాప ‘ఊఁ’ అనేదాకా ఆగాక రెండో మాట అనమనండి. కొంతమంది నాన్నలకు ఆ ఆగడమే కష్టం.

ఇంట్లో పరీక్షలు ఆపమన్నది కూడా ఇందుకే. రోజూ చప్పట్లు, గిలక, కార్డులు, మళ్లీ చప్పట్లు అంటే బిడ్డకు ఎక్కువైపోతుంది. అప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుంది, ఆవలిస్తుంది, కళ్లు మూసుకుంటుంది. అది ‘ఇక చాలు’ అని చెప్పడం. తల్లి దాన్ని ‘నన్ను చూడటం లేదు’ అనుకుని ఇంకా గట్టిగా పిలుస్తుంది, బిడ్డ ఇంకా తిప్పుకుంటుంది. మీ ఇంట్లో ఇదే జరుగుతోందేమోనని నా అనుమానం. మొహం తిప్పుకున్నప్పుడు మాట్లాడకుండా ఉండండి. కాసేపటికి తనే తిరిగి చూస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ఓఏఈలో చెవిలో చిన్న మెత్తటి బిరడా పెట్టి సన్నటి టిక్కుటిక్కు శబ్దాలు వినిపిస్తారు. లోపలి చెవి బాగుంటే తిరిగి చిన్న ప్రతిధ్వని పంపుతుంది, మెషీన్ దాన్ని పట్టుకుంటుంది. నొప్పి లేదు, సూది లేదు, కొన్ని నిమిషాల పని. ‘పాస్’ అనో ‘రెఫర్’ అనో వస్తుంది. రెఫర్ అంటే చెవుడు అని కాదు, మళ్లీ చూడాలి అని. చెవిలో తేమో గుమిలో ఉన్నా, పాప కదిలినా అలా రావచ్చు. రెండోసారీ అలాగే వస్తే బేరా చేస్తారు. అందులో నుదుటి మీదా చెవుల వెనకా స్టిక్కర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూస్తారు.

కామెర్లు రక్తం మార్చాల్సినంత ఎక్కువైన పిల్లలకు ఓఏఈ పాసైనా బేరా చేయాలి. చెవి బాగుండి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరం దెబ్బతినే అవకాశం వాళ్లకు ఉంటుంది. మీ పాపకు లైటుతోనే తగ్గింది కాబట్టి అంత దూరం వెళ్లి ఉండకపోవచ్చు. డిశ్చార్జ్ కాగితంలో బిలిరుబిన్ (కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) అంకె ఎంతుందో డాక్టర్‌కు చూపించి, మేనరికం అని కూడా చెప్పి, బేరా అవసరమా అని నేరుగా అడగండి.

ప్రభుత్వం వైపు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పుట్టుకతో వచ్చే చెవుడు, శుక్లం లాంటివి అందులో చూస్తారు. పిల్లల లోపాలను తొందరగా పట్టుకుని చికిత్స చేసే జిల్లా కేంద్రాన్ని డీఈఐసీ అంటారు. దగ్గర్లోని డీఈఐసీ సెంటర్ ఎక్కడుందో మీ ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడిగితే చెబుతారు. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

రెండు పరీక్షలకూ బిడ్డ నిద్రలో ఉంటే పని తేలిక. పాప మామూలుగా పడుకునే వేళకే టైమ్ అడగండి. దారిలో పడుకోనివ్వకుండా కబుర్లు చెబుతూ తీసుకెళ్లి, అక్కడికి వెళ్లాక పాలిచ్చి, గుడ్డ చుట్టి పడుకోబెట్టండి. జలుబు ఉంటే ముందే ఫోన్ చేసి రావచ్చా అని కనుక్కోండి. వచ్చిన రిపోర్టును టీకాల కార్డుతో పాటు ఒకే ఫైల్లో పెట్టుకోండి. తొమ్మిదో నెల టీకాకు వెళ్లినప్పుడు డాక్టర్ అడిగితే చేతిలో ఉంటుంది.